మలేరియా: మాత్ర నుంచి టీకా దాకా – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు మొదలయ్యాక మలేరియా గురించి ప్రశ్నలు చాలా వచ్చాయి. విజయవాడ, గుంటూరు పరిసరాల పాఠకులు అడిగినవాటిలో కొన్నింటికి మా వైద్య, కీటకశాస్త్ర బృందం ఇస్తున్న జవాబులివి.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. పాడేరు వైపు పని మీద వెళ్లొచ్చాక చలిజ్వరం వచ్చింది. పరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అన్నారు. మూడు రోజుల మాత్రలకే జ్వరం పోయింది. ఆ తర్వాత ఇచ్చిన చిన్న మాత్రలు నాలుగు రోజులు వేసుకుని, కడుపులో మంటగా ఉందని మానేశాడు. రెండు నెలలకు మళ్లీ అదే చలి, అదే జ్వరం. ఇక్కడ మళ్లీ దోమ కుట్టిందా? మందు పనిచేయలేదా?
– గృహిణి, పటమట, విజయవాడ

చాలావరకు రెండూ కావమ్మా. పాత జ్వరమే తిరగబెట్టి ఉంటుంది. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి వచ్చిన పరాన్నజీవి ముందు కాలేయంలోకి పోతుంది. వైవాక్స్ రకంలో కొన్ని అక్కడే నిద్రాణంగా ఉండిపోతాయి. మిగతావి రక్తంలోకి వచ్చి ఎర్ర కణాలను పగలగొట్టినప్పుడే మనకు చలి, జ్వరం. మూడు రోజులు వేసుకున్న క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది, కాలేయంలో ఉన్నవాటి జోలికి పోదు. అవి కొన్ని వారాలకో నెలలకో లేచి మళ్లీ రక్తంలోకి వస్తాయి. కాలేయంలోవాటిని చంపేది ఆ చిన్న మాత్రే, ప్రైమాక్విన్. మీ అబ్బాయి సగంలో ఆపింది దాన్నే.

మన దేశంలో పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చే లెక్క ఇది: క్లోరోక్విన్ మొదటి రోజు 600, రెండో రోజు 600, మూడో రోజు 300 మిల్లీగ్రాములు. 150 మిల్లీగ్రాముల మాత్రలైతే నాలుగు, నాలుగు, రెండు. ప్రైమాక్విన్ రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు. పిల్లలకు బరువును బట్టి డాక్టరే లెక్క కట్టాలి. కడుపులో మంట వచ్చేది పరగడుపున వేసుకున్నప్పుడే ఎక్కువ. అన్నం తిన్న వెంటనే వేసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు. వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే ఆ డోసు మళ్లీ వేసుకోవాలి. ఇంట్లో క్యాలెండరు మీద రోజూ టిక్కు పెట్టించండి. ఐదో రోజుకల్లా జ్వరం మాటే మర్చిపోతారు గనక మాత్ర మానేసేది కూడా అప్పుడే.

ఈసారి ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు జీ6పీడీ రక్తపరీక్ష చేయించండి. పుట్టుకతో ఆ ఎంజైము తక్కువగా ఉన్నవాళ్లకు ఈ మందుతో ఎర్ర కణాలు పగిలిపోతాయి. మందు వాడుతుండగా మూత్రం నల్లటి కాఫీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఈ మందు ఇవ్వరు.

14 రోజుల మాత్ర మధ్యలో మానేయడం ప్రపంచమంతటా ఉన్న సమస్యే. అందుకే ఒక్క డోసుతో పని ముగించే టాఫెనోక్విన్ అనే మందును తయారు చేశారు. 2018లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. పెద్దవాళ్లకు 300 మిల్లీగ్రాములు ఒక్కసారి వేస్తే చాలు. కానీ ఒకసారి మింగితే ఒంట్లో చాలా రోజులు ఉంటుంది, ప్రైమాక్విన్‌లా మధ్యలో ఆపే వీలు లేదు. కాబట్టి జీ6పీడీ ఎంత ఉందో కొలిచి చూడకుండా ఇవ్వకూడదు. అలా కొలిచే పరికరం చిన్న ఆస్పత్రుల దాకా వస్తేనే ఆ మందు వల్ల పూర్తి ప్రయోజనం.

ప్రశ్న: జ్వరమని ల్యాబుకు వెళితే "మలేరియా, టైఫాయిడ్ రెండూ ఉన్నాయి" అని రాసిచ్చారు. ప్లేట్‌లెట్లు 80 వేలు ఉన్నాయి. పక్కింటివాళ్లు డెంగీ అంటున్నారు. ఏది నమ్మాలి?
– బ్రాడీపేట, గుంటూరు

ముందు ఆ రిపోర్టులో ఏ పరీక్ష చేశారో చూడండి. టైఫాయిడ్ అని చెప్పింది ఒక్క వైడాల్ పరీక్షను బట్టి అయితే దాన్ని నమ్మడానికి లేదు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్ల, వేయించుకున్న టీకా వల్ల కూడా వైడాల్ పాజిటివ్ వస్తుంది. మలేరియా వల్లా రావచ్చు. టైఫాయిడ్‌ను తేల్చేది బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే దానికి రక్తం ఇవ్వాలి.

మలేరియాకు రెండు రకాల పరీక్షలున్నాయి. ఒకటి స్లైడు. రక్తాన్ని గాజు పలక మీద ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. మందపు పూతలో పరాన్నజీవి ఉందో లేదో దొరుకుతుంది, పల్చటి పూతలో అది ఏ రకమో తేలుతుంది. రెండోది కిట్టు. వేలి చివర గుచ్చి తీసిన 5 మైక్రోలీటర్ల రక్తాన్ని ఒక గుంతలో, కిట్టుతో వచ్చిన ద్రావణం చుక్కలను ఇంకో గుంతలో వేసి 15 నుంచి 20 నిమిషాలకు గీతలు చూస్తారు. తప్పులు జరిగేది ఇక్కడే. ద్రావణం బదులు నీళ్లు వేయడం, ఒక కిట్టు ద్రావణం ఇంకో కిట్టుకు వాడటం, గంట తర్వాత వచ్చి చూసి సన్నటి గీత కనిపించిందని "వీక్ పాజిటివ్" అని రాయడం. కంట్రోల్ గీత రాకపోతే ఆ కిట్టు చెల్లదు, మళ్లీ చేయాల్సిందే. కారు డ్యాష్‌బోర్డు మీదో ఎండ తగిలే అలమరలోనో పెట్టిన కిట్లు పాడైపోతాయి. మన మే నెల ఎండలకు ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఇంకొక సంగతి. మలేరియాలో ప్రాణాల మీదికి తెచ్చే రకం ఫాల్సిపారమ్. దాని కిట్లు ఎక్కువగా పట్టుకునేది హెచ్ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ను. రోగం నయమయ్యాక కూడా అది కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. మందు పనిచేసిందో లేదో ఈ కిట్టుతో చూడకూడదు, స్లైడే చూడాలి. పోతే, ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువే లేని పరాన్నజీవులు ఎరిట్రియా, ఇథియోపియా, జిబూటీ లాంటి చోట్ల బాగా పెరిగాయి. అక్కడ రోగం ఉన్నా ఈ కిట్టు లేదనే చెబుతుంది. అందుకని వేరే ప్రోటీన్‌ను పట్టుకునే కిట్లకు మారాల్సి వస్తోంది.

ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడిపోతాయి. కాబట్టి ఆ అంకె ఒక్కటీ చూసి డెంగీ అనుకోకూడదు. రెండింటికీ పరీక్ష చేయించండి. మలేరియా స్లైడు ఒకసారి నెగెటివ్ వచ్చి జ్వరం ఆగకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో ఇంకో రెండుసార్లు చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, స్లైడు తీయకముందే "ఎందుకైనా మంచిద"ని క్లోరోక్విన్ మింగవద్దు. పరాన్నజీవుల సంఖ్య తగ్గిపోయి స్లైడులో దొరకవు, రోగం మాత్రం అలాగే ఉంటుంది. మగత, ఫిట్స్, ఆగని వాంతులు, ఆయాసం, కామెర్లు – వీటిలో ఏది కనిపించినా రిపోర్టుల కోసం ఇంట్లో కూర్చోకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ప్రాణాంతకమైన మలేరియాకు ఇప్పుడు క్వినైన్ కంటే ఆర్టిసునేట్ ఇంజక్షన్ మేలని తేలిపోయింది. ఆఫ్రికా పిల్లల్లో చేసిన పెద్ద పరీక్ష 2010లో వెలువడింది. క్వినైన్ ఇచ్చినవారితో పోలిస్తే ఆర్టిసునేట్ ఇచ్చిన పిల్లల్లో మరణాలు 22.5 శాతం తక్కువ.

ప్రశ్న: మా వీధిలో పొగ కొట్టి వెళతారు. రెండు రోజులకు దోమలు మళ్లీ మామూలే. ఎందుకని?
– సింగ్‌నగర్, విజయవాడ

పొగ తగిలి చచ్చేది ఆ సమయానికి గాలిలో ఎగురుతున్న దోమే. నీళ్లలో ఉన్న పిల్లదోమకు ఏమీ కాదు, అది నాలుగు రోజుల్లో రెక్కలతో బయటికి వస్తుంది. మట్టమధ్యాహ్నం కొడితే పొగ వేడిగాలితో పైకి లేచిపోతుంది, అది ఇంకా దండగ. పైగా మీ వీధి కాలువలో పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. అది బోదకాలు తెచ్చే రకం, మలేరియా తేదు. మలేరియా తెచ్చే ఎనాఫిలిస్‌కు మురుగు పడదు. దానికి కాస్త తేటగా ఉన్న నిలవ నీరు కావాలి. మన ఊళ్లలో అలాంటి చోట్లంటే మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకు, వాడని బావి, సంపు, అపార్టుమెంటు లిఫ్టు గుంత.

ఏ పిల్లదోమో మీరే చూసుకోవచ్చు. తెల్లటి మగ్గును నీళ్ల అంచున ఏటవాలుగా నెమ్మదిగా ముంచి తీసి, ఒక నిమిషం కదపకుండా ఉంచండి. తల కిందికి, తోక పైకి పెట్టి వేలాడేవి క్యూలెక్స్, ఏడిస్ పిల్లలు. నీటి పైపొరకు అంటుకుని పుల్ల తేలినట్టు బల్లపరుపుగా పడుకున్నది ఎనాఫిలిస్. దానికి ఊపిరి గొట్టం లేదు, అందుకే ఒళ్లంతా పైకి ఆనించి ఉంటుంది. వేలితో తడితే పక్కకు జారుకుంటుంది. అలాంటిది కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, ఒక రోజు ఆరనిచ్చి మూత బిగించండి. ఓవర్‌ఫ్లో పైపుకు సన్న జల్లెడ గుడ్డ కట్టండి. మూత పెట్టి పైపు వదిలేసిన ఇళ్లే ఎక్కువ. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికీ అలాగే గుడ్డ కడితే క్యూలెక్స్ బాధ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: అమరావతి పనుల్లో సైట్ సూపర్‌వైజర్‌ని. మా దగ్గర ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో ఉంటున్నారు. స్లాబు క్యూరింగుకు నీళ్లు కట్టక తప్పదు. మలేరియా రాకుండా సైటులో ఏం చేయాలి?
– తుళ్లూరు

చాలా అవసరమైన ప్రశ్న అడిగారు. మలేరియా వ్యాపించాలంటే రెండు కలవాలి: ఒంట్లో పరాన్నజీవి ఉన్న మనిషి, దాన్ని మోసే దోమ. మలేరియా బాగా ఉన్న అటవీ ప్రాంతాల నుంచి మనుషులు వస్తున్నారు, కట్టడం నీళ్లలో ఎనాఫిలిస్ స్టీఫెన్సీ అనే పట్టణపు దోమ పుడుతుంది. రెండూ కలిసే చోటు మీ సైటే.

గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. కాబట్టి వారంలోపు ఏ నీరైనా ఒకసారి పూర్తిగా ఆరితే దోమ బయటికి రాదు. స్లాబు మీద మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలిపినప్పుడు ఐదో రోజు ఒక మడి, ఆరో రోజు ఇంకో మడి చొప్పున కట్ట తెంచి నీళ్లు వదిలి, అదే పూట మళ్లీ నింపండి. కాంక్రీటు తడి ఆరదు, పిల్లదోమలు కొట్టుకుపోతాయి. స్తంభాలకు, గోడలకు తడి గోనెపట్టాలు చుడితే నిలవ నీటి బెడదే ఉండదు. ఖాళీ చేయలేని లిఫ్టు గుంత, సెల్లారు నీళ్లకు టెమిఫాస్ వాడాలి. అబేట్ అంటే అందరికీ తెలుసు. 50 శాతం ఈసీ (నీటిలో కలిపే గాఢ ద్రవం) మందు 2.5 మిల్లీలీటర్లు 10 లీటర్ల నీటిలో కలిపి, చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున నీటి పైభాగమంతా పడేలా స్ప్రేయరుతో కొట్టాలి. ఒక మూల గుమ్మరిస్తే మిగతా మూలల్లో పిల్లదోమలు బతికే ఉంటాయి. వారానికోసారి తిరిగి కొట్టాలి, వాన పడి నీళ్లు పొర్లితే వెంటనే కొట్టాలి. కూలీలు తాగే, వంటకు వాడే డ్రమ్ముల్లో మాత్రం మీ అంతట మీరు మందు వేయవద్దు. వాటికి మూత చాలు. పాత ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టిన రంపపుపొట్టు మూటలు వాడుకలో లేని గుంతలకు పనికొస్తాయి గానీ, క్యూరింగు నీళ్లలో వేస్తే కాంక్రీటుకు నూనె పట్టి తర్వాత ప్లాస్టరింగు నిలవదు.

ఇక మనుషుల సంగతి. కొత్త బ్యాచి దిగిన రోజే పీహెచ్‌సీకి కబురు పెట్టి, ఎవరు ఏ జిల్లా నుంచి వచ్చారో జాబితా ఇవ్వండి. అప్పటికి జ్వరం ఉన్నవాళ్లకు, ఈ మధ్య జ్వరం వచ్చి తగ్గిందన్నవాళ్లకు అదే రోజు పరీక్ష చేయించండి. ఆ తర్వాత ఎవరికి జ్వరం వచ్చినా 24 గంటల్లోపు పరీక్ష జరగాలి. తొందర ఎందుకంటే, ఫాల్సిపారమ్‌లో దోమకు అంటుకునే పరాన్నజీవి రూపాలు జ్వరం మొదలైన వారం పది రోజులకు గాని రక్తంలోకి రావు. ఆలోపు మందు పడితే అతని నుంచి ఇంకొకరికి పోయే దారి దాదాపు మూసుకుపోతుంది. అందుకే ఫాల్సిపారమ్‌కు ఆర్టిమిసినిన్ కలిసిన మూడు రోజుల మందుతో పాటు ప్రైమాక్విన్ ఒకే ఒక్క డోసు కూడా ఇస్తారు. వైవాక్స్‌లో ఆ రూపాలు ఇంకా ముందే వస్తాయి, కాబట్టి అక్కడ ఆలస్యం అసలు పనికిరాదు. జ్వరం సెలవు పెడితే కూలి పోతుందని దాచుకునే మనుషులు వాళ్లు. పరీక్షకు వెళ్లిన పూట కూలి కోయబోమని ముందే చెప్పండి. దానికయ్యే ఖర్చు కంటే సైటులో ఇరవై మంది పడకేస్తే అయ్యే నష్టం చాలా ఎక్కువ.

షెడ్లలో దోమతెరలు ఇవ్వండి. మందు పట్టించిన తెర అయితే మంచిది, మూడేళ్లు లేదా 20 ఉతుకుల దాకా పనిచేస్తుంది. కవరు తీశాక ఒక రోజు నీడలో ఆరేసి వాడాలి. ఉతకాల్సి వస్తే మామూలు సబ్బుతో బేసిన్‌లో ఉతికి నీడలోనే ఆరేయాలి. బండకేసి బాదినా, బ్లీచింగు వేసినా, ఎండలో ఆరేసినా మందు పోతుంది. ఉతికిన నీళ్లు కాలువలో, చెరువులో పోయకండి, చేపలు చస్తాయి.

ప్రశ్న: మలేరియాకు టీకా వచ్చిందని, పుణెలోనే తయారవుతోందని చదివాను. మన పిల్లలకు ఎందుకు వేయడం లేదు?
– ఉపాధ్యాయుడు, మంగళగిరి

వచ్చిన మాట నిజం. ఒకటి కాదు, రెండు. ఆర్‌టీఎస్,ఎస్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో సిఫారసు చేసింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించి పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తున్న ఆర్21ను 2023 అక్టోబరులో సిఫారసు చేసింది. మొదటి టీకా తయారీ పరిజ్ఞానం మన హైదరాబాదు భారత్ బయోటెక్‌కు బదిలీ అవుతోంది. 2024 జనవరిలో కామెరూన్ తన పిల్లలందరి టీకాల పట్టికలో దీన్ని చేర్చి మొదలుపెట్టింది.

ఐదు నెలల వయసు నుంచి నెలకొకటి చొప్పున మూడు డోసులు, ఏడాది తర్వాత నాలుగోది. దోమ కుట్టాక పరాన్నజీవి చర్మం నుంచి కాలేయానికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఆ కొద్ది వ్యవధిలోనే యాంటీబాడీలు దాన్ని పట్టుకోవాలి. ఒక్కటి తప్పించుకున్నా కాలేయంలో వేలల్లో పెరుగుతుంది. పైగా ఫాల్సిపారమ్‌కు ఐదు వేలకు పైగా జన్యువులున్నాయి, దశ దశకూ రూపం మారుస్తుంది. అందుకే తట్టు టీకాలా జీవితాంతం కాపాడే టీకా ఇంకా రాలేదు. ఇవి మొదటి ఏడాదిలో రోగాన్ని సగానికి పైగా తగ్గిస్తాయి, తర్వాత శక్తి తగ్గుతూ వస్తుంది. అయినా ఘనా, కెన్యా, మలావీల్లో 2019 నుంచి వేసి చూస్తే, టీకా వేయదగిన వయసు పిల్లల మరణాలు మొత్తంగా 13 శాతం తగ్గాయి. ప్రపంచంలోని మలేరియా మరణాల్లో 95 శాతం ఆఫ్రికాలోనే, వాటిలో ఎక్కువ ఐదేళ్లలోపు పిల్లలవే. అక్కడ ఈ 13 శాతం చాలా పెద్ద మాట.

మన పిల్లలకు ఎందుకు వేయడం లేదంటే, ఈ రెండూ ఫాల్సిపారమ్ మీదే పనిచేస్తాయి, వైవాక్స్ మీద చేయవు. పైగా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మలేరియా సోకే అవకాశం ఆఫ్రికాతో పోలిస్తే చాలా తక్కువ. ఇక్కడ ప్రతి పిల్లవాడికి నాలుగు సూదులు వేయడం కంటే వచ్చిన ప్రతి జ్వరానికీ పరీక్ష చేయడం వల్లే మేలు ఎక్కువ. ఇది మా అభిప్రాయం మాత్రమే కాదు, టీకాను సిఫారసు చేసినది కూడా మలేరియా సోకుతున్న ప్రాంతాల పిల్లలకే, ఉధృతి ఎక్కువ ఉన్నచోట ముందుగా.

ప్రశ్న: ప్రయోగశాలలో మార్చిన దోమలను వదిలి మలేరియాను ఆపుతారట. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని, గుంటూరు

ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2024 మేలో జిబూటీలో జన్యువు మార్చిన స్టీఫెన్సీ మగదోమలను వదిలారు. మగదోమ కుట్టదు. దానికి పుట్టిన ఆడపిల్లలు పెద్దవి కాకముందే చచ్చిపోతాయి. మన దేశానికి బాగా తెలిసిన ఈ స్టీఫెన్సీ 2012లో జిబూటీలో కనిపించింది, ఆ తర్వాత ఆఫ్రికా పట్టణాల్లోకి పాకుతోంది. అందుకే అక్కడ ఆ కంగారు. వొల్బాకియా అనే బ్యాక్టీరియాను ఎక్కించిన దోమలంటే వేరు, అవి డెంగీ తెచ్చే ఏడిస్ మీద పని.

ప్రశ్న: ప్రపంచం మొత్తం మీద మలేరియా తగ్గుతోందా? మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా, ఎప్పటికి పోతుంది?
– విశ్రాంత ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

ఒకసారి దాదాపు పోయి, మళ్లీ వచ్చింది. ఆ చరిత్ర తెలిస్తే ఇప్పుడు ఏం చేయాలో తెలుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేది, 8 లక్షల మంది చనిపోయేవారు. 1953లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇంటింటికీ డీడీటీ కొట్టారు. మీ వయసువాళ్లకు ఆ డీడీటీ వాసన, గోడ మీద తేదీ వేసి వెళ్లిన గుర్తు జ్ఞాపకం ఉండే ఉంటాయి. 1965 నాటికి కేసులు లక్ష దాకా పడిపోయాయి. ఇక అయిపోయిందనుకున్నారు. నిఘా సడలింది, డీడీటీ సరఫరా తగ్గింది, దోమలు దానికి అలవాటు పడ్డాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. శ్రీలంకది ఇంకా గట్టి పాఠం. 1963లో అక్కడ ఏడాది మొత్తానికి తేలింది 17 కేసులు. పిచికారీ ఆపేశారు, జ్వరాలకు స్లైడు తీయడం తగ్గించారు. 1968, 69 నాటికి లక్షల్లోకి వెళ్లింది.

అదే శ్రీలంక మళ్లీ మొదలుపెట్టి, 2012 తర్వాత స్థానికంగా ఒక్క కేసూ పుట్టకుండా చూసి, 2016లో మలేరియా లేని దేశంగా ధ్రువపత్రం అందుకుంది. ఆ పత్రం రావాలంటే వరుసగా మూడేళ్లు సున్నా ఉండాలి. 2021లో చైనా, 2024లో ఈజిప్టు ఆ జాబితాలో చేరాయి. చైనా అనుసరించిన పద్ధతి తేలికగా గుర్తుంటుంది: కేసు దొరికిన ఒక రోజులోపు పైవాళ్లకు తెలియజేయడం, మూడు రోజుల్లో ఎక్కడ సోకిందో ఆరా తీయడం, ఏడు రోజుల్లో ఆ చుట్టుపక్కల దోమల పని, మిగతావాళ్ల పరీక్షలు ముగించడం. మన దేశంలో నమోదైన కేసులు 2015లో 11.69 లక్షలు, 2023లో 2.27 లక్షలు. 2027కి స్థానిక కేసులు సున్నా చేయాలని, 2030కి నిర్మూలన పూర్తి చేయాలని లక్ష్యం పెట్టుకున్నాం. మన రాష్ట్రంలో మిగిలింది ఎక్కువగా అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల కొండ ఊళ్లలో. రోడ్డు సరిగా లేని ఊరికి వానాకాలంలో కిట్టు, మాత్ర వారం ముందే చేర్చి ఉంచగలిగితేనే అక్కడ పని అవుతుంది.

ప్రపంచ లెక్క మాత్రం అంత సంతోషంగా లేదు. 2023లో 26.3 కోట్ల కేసులు, 5.97 లక్షల మరణాలు. 2000 నుంచి 2015 వరకు బాగా తగ్గింది. ఆ కాలంలో ఆఫ్రికాలో తప్పిన కేసుల్లో 68 శాతం దోమతెరల పుణ్యమే. ఆ తర్వాత తగ్గుదల ఆగిపోయింది. తెరకు పట్టించే పైరిథ్రాయిడ్ మందుకు దోమలు తట్టుకోవడం నేర్చాయి. అందుకే ఇప్పుడు క్లోర్‌ఫెనాపిర్ కూడా కలిపిన తెరలు వచ్చాయి, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని సిఫారసు చేసింది. చైనా శాస్త్రవేత్త తు యుయు వెలికితీసిన ఆర్టిమిసినిన్‌కు 2015లో నోబెల్ వచ్చింది. దానికి కూడా లొంగడంలో ఆలస్యం చేసే పరాన్నజీవులు ముందు కంబోడియాలో, తర్వాత రువాండా, ఉగాండా, ఎరిట్రియాల్లో బయటపడ్డాయి. ఆర్టిమిసినిన్‌ను ఒంటరిగా ఇవ్వకూడదని, జత మందుతోనే ఇవ్వాలని పట్టుబట్టేది దీనికోసమే. మందుల షాపులో ఒంటి మాత్ర ఇస్తే తీసుకోవద్దు.

ప్రశ్న: మా తమ్ముడు ఉద్యోగానికి టాంజానియా వెళుతున్నాడు. ముందే ఏమైనా మందు వేసుకోవాలా?
– కొత్తపేట, గుంటూరు

వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే రోజుకు 100 మిల్లీగ్రాములు, బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు. అన్నం తిన్నాక గ్లాసెడు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. లేకపోతే గొంతులో, అన్నవాహికలో పుండ్లు పడతాయి. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇది పనికిరాదు. మెఫ్లోక్విన్ వారానికో మాత్ర, కానీ మానసిక సమస్యలు, ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఏళ్ల తరబడి ఉండేవాళ్లు ఎంతకాలం వాడాలో అక్కడి డాక్టరుతో మాట్లాడుకోవాలి. మందు వేసుకుంటున్నా రాత్రి తెర తప్పనిసరి.

ఆయన సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు మూడు నెలల్లోపు ఏ జ్వరం వచ్చినా అదే రోజు మలేరియా పరీక్ష జరగాలి. ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరు అడగకముందే చెప్పమనండి. ఇక్కడ డాక్టరుకు ముందుగా తట్టేది డెంగీయో వైరల్ జ్వరమో. ఫాల్సిపారమ్‌లో రెండు మూడు రోజులు చేజారితే మెదడుకు, కిడ్నీలకు ఎక్కుతుంది.